ఖాళీని పట్టుకుంటే ఖాళీ కాదు: సిమా చెంగ్‌జెన్ చెప్పిన ‘కూర్చుని మరచిపోవడం’

తావో అంటే దారి, అన్నిటికీ మూలమని చైనా సంప్రదాయం చెప్పేది. ఆ తావో మార్గంలో లోపలి శూన్యం అనగానే చాలామందికి తోచేది ఆలోచనలు ఆగిపోయిన స్థితి. కళ్లు మూసుకోవాలి, లేచిన ప్రతి తలపునూ నొక్కేయాలి, చివరికి ఏమీ మిగలకూడదు. ఎనిమిదో శతాబ్దపు చైనాలో ఈ సాధనను మెట్లుగా విడగొట్టి చెప్పిన గురువు సిమా చెంగ్‌జెన్ మాత్రం దీన్ని తప్పుల జాబితాలో మొట్టమొదట పెట్టాడు. మంచీ చెడూ చూడకుండా లేచిన తలపునల్లా ఆర్పుకుంటూ పోతే దాంతోపాటు ఎరుకా ఆరిపోతుంది, చివరికి దక్కేది ‘గుడ్డి సమాధి’ అన్నాడు.

ఆయన పేరు మీద నిలిచిన ‘జువోవాంగ్‌లున్’ చిన్న గ్రంథం. కూర్చుని మరచిపోవడం గురించిన చర్చ అని ఆ పేరుకు అర్థం. అందులో ఏడు మెట్లున్నాయి: శ్రద్ధ, బంధాలు తెంచుకోవడం, మనసును కూడదీసుకోవడం, పనులు తగ్గించుకోవడం, ఉన్నదున్నట్టు చూడటం, స్థిరపడటం, తావో పొందడం. ఈ ఏడింటిలో కూర్చునే పద్ధతిని నేరుగా చెప్పేది మూడోది ఒక్కటే. దాని ఫలితం ఆరో మెట్టులో కనిపిస్తుంది. మిగతావాటిలో పెద్ద భాగం పరిచయాలు, పేరు, తిండి, బట్ట, డబ్బు, జబ్బు గురించి. ఇప్పుడు తావో ధ్యానం పేరుతో వినిపించే వాటిలో చాలావరకు మూడో మెట్టును మాత్రం విడదీసి తెచ్చుకున్నవే. చిక్కంతా అక్కడే.

సిమా 647లో పుట్టాడు. చదువంటే ఇష్టం, సర్కారు కొలువంటే చిన్నచూపు. సోంగ్ పర్వతం మీద పాన్ షిజెంగ్ దగ్గర శిష్యరికం చేసి, షాంగ్‌చింగ్ అనే తావో పరంపరలో పన్నెండో ఆచార్యుడయ్యాడు. తర్వాత తియాన్‌తాయ్ కొండల్లో స్థిరపడ్డాడు. ముగ్గురు ఏలికలు ఆయన్ని రాజధానికి పిలిపించుకున్నారు. 711లో రుయ్‌జోంగ్ చక్రవర్తి యిన్-యాంగ్ లెక్కల గురించి, జోస్యం గురించి అడిగితే, సిమా తావో మార్గపు ఆది గురువు లావోత్సు పేరున ఉన్న గ్రంథంలోని 48వ అధ్యాయం వినిపించాడు: చదువులో రోజురోజుకూ కలుపుకుంటాం, తావోలో రోజురోజుకూ తీసేసుకుంటాం. కళ్లకూ మనసుకూ ఇప్పటికే పట్టినవాటిని తీసేయడమే పూర్తికాలేదు, కొత్త విద్యల వెంటపడి తలపులు పెంచుకోవడం దేనికి అన్నాడు. ఒంటికి ఆ మాట సరే, రాజ్యానికో అని చక్రవర్తి అడిగాడు. రాజ్యమూ ఒంటిలాంటిదే, ప్రతిదాన్నీ దాని స్వభావం మీద నడవనిచ్చి అందులో మీ సొంతం కలపకండి అన్నది జవాబు.

ఆయన కొండలకు తిరిగి వెళ్లేటప్పుడు లూ జాంగ్‌యోంగ్ అనే అధికారి, రాజధాని పక్కనే ఉన్న జోంగ్‌నాన్ పర్వతాన్ని చూపించి అక్కడ మంచి చోట్లు బోలెడున్నాయి కదా అన్నాడు. ఈ లూ కొన్నాళ్లు అక్కడే సన్యాసిలా ఉండి, ఆ పేరుతోనే కొలువు సంపాదించినవాడు. ‘నాకు తెలిసినంతలో అది ఉద్యోగానికి దగ్గరి దారి’ అన్నాడు సిమా. ఆ మాట చైనాలో సామెతగా మిగిలింది. దీన్ని కొసరు కథగా వదిలేయకూడదు. రెండో మెట్టు మొత్తం ఈ వెటకారం మీదే నడుస్తుంది.

ఈ గ్రంథం అచ్చంగా సిమా రాసిందేనా అన్న విషయంలో పండితుల మధ్య వాదన ఉంది. దానివల్ల సాధనలో మారేదేమీ లేదు కాబట్టి ఇక్కడ సంప్రదాయం చెప్పినట్టే తీసుకుందాం.

ఏది ఖాళీ కావాలి

‘కూర్చుని మరచిపోవడం’ అన్న మాట సిమా పుట్టించింది కాదు. అది లావోత్సు తర్వాతి తావో గురువు చువాంగ్‌త్సు పేరున ఉన్న గ్రంథం ఆరో అధ్యాయంలో ఉంది. దాని అన్నదమ్ముడి లాంటి ‘మనసుకు ఉపవాసం’ నాలుగో అధ్యాయంలో వస్తుంది. రెండు చోట్లా మాట్లాడేవాళ్లు కన్ఫ్యూషియస్, ఆయన శిష్యుడు యాన్ హుయి. తన సిద్ధాంతాన్ని అవతలి బడి గురువు నోటితో చెప్పించడం చువాంగ్‌త్సు కొంటెతనం.

నాలుగో అధ్యాయంలో సందర్భం గుహా కాదు, అడవీ కాదు. వెయ్ రాజ్యాన్ని ఒక కుర్ర రాజు ఇష్టారాజ్యంగా ఏలుతూ జనాన్ని చంపుకుంటున్నాడు. యాన్ హుయి వెళ్లి అతన్ని దారిలో పెడతానంటాడు. ఎలా అని గురువు అడుగుతాడు. నిటారుగా, వినయంగా ఉంటానంటాడు. పనికిరాదంటాడు గురువు. లోపల సూటిగా, పైకి వంగి, పెద్దల మాటలు ఉటంకిస్తూ మాట్లాడతానంటాడు. ఎత్తులు మరీ ఎక్కువయ్యాయి అంటాడు గురువు. ఇక నా దగ్గరేమీ లేదు, మీరే చెప్పండి అన్నప్పుడు వచ్చే జవాబు, ఉపవాసం ఉండు. మా ఇంట్లో లేమి; మద్యం, ఘాటు తిండి ముట్టి నెలలైంది, ఇది చాలదా అంటాడు శిష్యుడు. అది పూజకు ముందుండే ఉపవాసం, మనసుకు ఉపవాసం వేరు.

ఆ వేరేదాన్ని మూడు రకాల వినికిడితో వివరిస్తాడు. చెవితో వింటే చెవి దగ్గరే ఆగుతుంది. మనసుతో వింటే, మనసు ముందే పెట్టుకున్న అచ్చుకు సరిపోతుందా లేదా అని చూసి అక్కడ ఆగుతుంది. ప్రాణశక్తితో విను, అది ఖాళీగా ఉండి వచ్చినదాని కోసం వేచి ఉంటుంది. తావో చేరేది ఆ ఖాళీలోనే. అంటే తీసేయమన్నది ఆలోచనను కాదు, ఆ అచ్చును: రాజు ఎలాంటివాడో, తానేం చెప్పాలో, తనకు ఏ పేరు రావాలో ముందే నింపుకుని వెళ్లడాన్ని. అందుకే ఆ తర్వాతి సలహా కూడా చాలా లౌకికంగా ఉంటుంది: వింటే పాడు, వినకపోతే ఆపు.

ఇదే అధ్యాయంలో ఒక హెచ్చరిక ఉంది. ఆగడం చేతకాకపోతే దాన్ని ‘కూర్చుని పరిగెత్తడం’ అంటారు. ఒళ్లు కదలకపోయినంత మాత్రాన ఏమీ జరగలేదన్నమాట.

ఏం ఖాళీ అవుతుందో ఇంకా వివరంగా చూడాలంటే పందొమ్మిదో అధ్యాయంలోని వడ్రంగి చింగ్ దగ్గరికి వెళ్లాలి. గంటలు వేలాడదీసే చట్రం చెక్కేముందు అతను ఉపవాసం ఉంటాడు. మూడు రోజులకు బహుమానం, పదవి, జీతం మీద ధ్యాస పోతుంది. అయిదు రోజులకు మెప్పు, నింద, నేర్పు, మొద్దుతనం గురించిన తలపు పోతుంది. ఏడు రోజులకు తనకు కాళ్లూ చేతులూ ఉన్న సంగతే మరచిపోతాడు. అప్పుడు అడవికి వెళ్లి చెట్టును చూస్తాడు. చెక్కే నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, చెక్కడానికి అడ్డొచ్చేవే పోయాయి. పోయిన క్రమం కూడా గమనించాలి: ముందు డబ్బు, తర్వాత పేరు, చివరికి ఒళ్లు. నేరుగా ఒంటిని మరచిపోదామని కూర్చునేవాళ్లు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నారు.

కూర్చోకముందు

సిమా రెండో మెట్టులో తెంచమన్నవి రక్త సంబంధాలు కావు, లెక్కలతో కట్టుకున్న సంబంధాలు. ఆయన ఇచ్చిన పట్టిక ఇది: తన గుణాన్నీ తెలివినీ చూపించి తనకు అండ దొరకాలని చూడటం, శుభానికీ అశుభానికీ హాజరై రాకపోకలు పెంచుకోవడం, ఏకాంతంలో ఉన్నట్టు కనిపిస్తూ పైకి ఎదగాలని ఆశపడటం, రేపటి ఉపకారం కోసం ఇవాళ విందు పెట్టడం. లూ జాంగ్‌యోంగ్ కొండ ఈ పట్టికలో మూడోది. ఉపాయం కూడా మెత్తనిదే. మనం పాట ఎత్తుకోకపోతే అవతలివాళ్లు వంత పాడరు. వాళ్లు ఎత్తుకున్నా మనం వంత పాడనక్కర్లేదు. పాతవి వాటంతటవే సడలుతాయి, కొత్తవి ముడిపడవు. ఎవరినీ కసిరి పంపించేయమని ఎక్కడా లేదు.

నాలుగో మెట్టుకు కొలత చువాంగ్‌త్సు నుంచే తెచ్చుకున్నాడు: అడవి ఎంత పెద్దదైనా పిట్ట గూడుకు కావలసింది ఒక కొమ్మ, నది ఎంత పొడవైనా జంతువు తాగేది కడుపుకు పట్టినంత. అంతకు మించినవి బతకడానికి మందులు కావు అంటాడు. అయితే అయిదో మెట్టులో దీనికే ఒక సవరణ వేస్తాడు, అది చాలా ముఖ్యం. తిండీ బట్టా సముద్రం దాటించే ఓడలాంటివి, దాటకముందే ఓడను వదిలేస్తే ఎలా? కాబట్టి సంపాదించాల్సిందే. సంపాదనలో నలుగురితో సమానంగా ఉండు, ఆశలో మాత్రం సమానంగా ఉండకు.

వీటిని దాటవేసి నేరుగా కూర్చుంటే ఏమవుతుంది? కంట్లో ఒక్క వెంట్రుక పడ్డా కన్ను నిలవదు, మనసులో చిన్న విషయం తగిలినా అంతే అంటాడు సిమా. పగలంతా ఎవరికేం చెప్పాం, ఎవరి దగ్గర ఏం రావాలి అన్న లెక్కలు నడిచాక సాయంత్రం కళ్లు మూసుకుంటే ఆ లెక్కలే నడుస్తాయి. అది కూర్చునే పద్ధతిలో లోపం కాదు, దాన్ని కూర్చునే పద్ధతితో సరిచేయలేం.

నాలుగు తప్పులు, ఒక అయిదోది

మూడో మెట్టు సూచన చిన్నది: నిశ్చలంగా కూర్చో, మనసును కూడదీసుకో, బయటి విషయాలు వదిలెయ్, ఏ ఒక్కదానికీ అంటుకోకు. ఆ వెంటనే తప్పుల పట్టిక మొదలవుతుంది. నా ఉద్దేశంలో గ్రంథం మొత్తంలో విలువైన భాగం ఇదే.

మొదటిది ముందే చెప్పుకున్న గుడ్డి సమాధి. రెండోది దానికి తిరగేసినది: వచ్చిన తలపునల్లా రానిచ్చి అదుపే పెట్టకపోవడం. అలా ఉండటానికి సాధన దేనికి, మామూలు మనిషి చేసేదీ అదే. మూడోది కాస్త తెలివైన పొరపాటు: మంచి చెడుల తీర్పు మానేసి, మనసుకు చేరాల్సిన చోటేదీ లేకుండా తేలనిచ్చి, దానంతటదే కుదురుకుంటుందిలే అని ఎదురుచూడటం. తనను తాను మోసం చేసుకోవడమే ఇది. నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఇప్పటికీ బాగా చెలామణిలో ఉన్నది: అన్ని పనుల్లోనూ మునిగి తేలుతూ ‘నా మనసుకేమీ అంటదు’ అనడం. మాట చాలా బాగుంది, నడత పరమ చెడ్డది అంటాడు సిమా. సాధకులు ప్రత్యేకించి జాగ్రత్త పడాలంటాడు.

మరి చేయాల్సిందేమిటి? కల్లోలాన్ని ఆపు, వెలుగును ఆర్పకు. నిశ్చలతను కాపాడుకో, శూన్యానికి అంటుకోకు. తేల్చాల్సిన పనో సందేహమో ఉంటే ఆలోచించుకో, తేలగానే వదిలెయ్. పొగడ్త వచ్చినా తెగడ్త వచ్చినా లోపలికి తీసుకుని దాచకు. వదిలేస్తే పశువు అడవి పట్టి కాడికి లొంగదు, అడవి డేగ కూడా చేతికి కట్టుంటే మచ్చికవుతుంది. మనసూ అంతే, రోజూ చేస్తేనే లొంగుతుంది.

ఇక అయిదో తప్పు. మనసును బలవంతంగా శూన్యం మీద నిలబెడితే, అది కూడా ఒక చోట నిలబెట్టడమే అంటాడు. చోటంటూ ఉన్నాక మనసు అలిసిపోతుంది, అలసట జబ్బుగా తిరుగుతుంది. త్వరగా ఫలితం కావాలని బిగబట్టేవాళ్లలో మతి చలించడం కూడా ఉందని హెచ్చరిస్తాడు. ఇది నేటి సాధకుడు కూడా పోల్చుకోగలిగిన లక్షణమే. కూర్చుని లేచాక నుదురు బిగుసుకుని, చిరాకు పెరిగి, చిన్న చప్పుడుకే కోపం వస్తుంటే, ఖాళీ అన్న ఒక వస్తువును తయారుచేసి దానికి కాపలా కాస్తున్నట్టు. సరైన దారిలో ఉంటే ప్రాణం, మనసు సర్దుకుని, రాను రాను తేలిగ్గా, హాయిగా ఉండాలని సిమా ఇచ్చిన ఆనవాలు.

ఈ చోట తెలుగు పాఠకుడికి మరో గొంతు గుర్తొస్తుంది. శూన్యత అంటే అన్ని దృష్టుల నుంచీ బయటపడటం, ఆ శూన్యతనే ఒక దృష్టిగా పట్టుకున్నవాళ్లకు మందు లేదు అన్నాడు బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు. సరిగా పట్టని పాము పట్టినవాణ్ణే కాటేసినట్టు, శూన్యతను తప్పుగా పట్టినా అంతే అన్నాడు. సంప్రదాయం శాతవాహన రాజుతోనూ, మన నాగార్జునకొండతోనూ ముడిపెట్టే ఆ ఆచార్యుడి మధ్యమక గ్రంథాన్ని కుమారజీవుడనే బౌద్ధ భిక్షువు 409లో చాంగాన్ నగరంలో చైనీస్‌లోకి తెచ్చాడు. తర్వాత తియాన్‌తాయ్ కొండల్లో జీయీ (538–597) నిలబెట్టిన బౌద్ధ సంప్రదాయం నాగార్జునుణ్ణి తన ఆది గురువుగా లెక్కగట్టింది. సిమా చాలాకాలం ఉన్నదీ ఆ కొండల్లోనే. మనసును నిలపడం, ఉన్నదున్నట్టు చూడటం అనే జంటను జువోవాంగ్‌లున్ అమర్చిన తీరులో ఆ బౌద్ధ సాధన ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

అలాగని రెండు శూన్యాలనూ ఒకటిగా కలిపేస్తే పెద్ద గందరగోళం. నాగార్జునుడు చెప్పేది వస్తువుల గురించి: దేనికీ తనదంటూ విడి స్వభావం లేదు. లావోత్సు, చువాంగ్‌త్సు చెప్పేది ప్రధానంగా చోటు గురించి: ముప్ఫై ఆకులు (చువ్వలు) కలిసిన చక్రపు కుండలో, అంటే నడిమి దిమ్మెలో, ఖాళీ ఉంది కాబట్టి బండి నడుస్తోంది, గదిలో ఖాళీ ఉంది కాబట్టి మనుషులుంటున్నారు. వాళ్లకు చక్రమూ నిజమే, గోడా నిజమే. మనసు ఖాళీ అయితే తావో వచ్చి అందులో ఉంటుంది. సిమా ఈ రెండిటి మధ్యా అటూ ఇటూ తిరుగుతాడు. కామం గురించి చెప్పేటప్పుడు, అందం తలపులోనే ఉంది, తలపే ఖాళీ అయితే అందమెక్కడిది అని బౌద్ధుడిలా వాదిస్తాడు. ఆరో మెట్టుకొచ్చేసరికి మనసు తావోకు పాత్ర అంటూ మళ్లీ పాత ఇంటికి చేరతాడు. ఈ అతుకు కనబడకుండా చదివితే ఆయన తనతో తానే విభేదిస్తున్నట్టు అనిపిస్తుంది.

గది, తిండి, ఒళ్లు

జువోవాంగ్‌లున్‌లో కూర్చునే గది గురించి ఏమీ లేదు. అది కావాలంటే సిమా ముందుమాట రాసి అందించిన ‘తియాన్‌యిన్‌జి’ అనే మరో సాధన గ్రంథం చూడాలి. గది మరీ ఎత్తుగా ఉండకూడదు, వెలుగు ఎక్కువైపోతుంది. మరీ కుదించినట్టూ ఉండకూడదు, చీకటి ఎక్కువవుతుంది. దక్షిణ ముఖంగా కూర్చోవాలి, తూర్పు తలపెట్టి పడుకోవాలి. కిటికీలు ఉండాలి: గాలి వీస్తే మూసేయాలి, ఆగితే తెరవాలి. ముందు తెర, వెనక అడ్డు. వెలుగు ఎక్కువైతే తెర దించాలి, తగ్గితే చుట్టి పైకెత్తాలి. దిక్కుల సంగతి నమ్మకం అనుకున్నా, మిగతాదంతా కంటికి హాయి కోసమే.

తిండి విషయంలో ఉపవాసమంటే శాకాహారం, స్నానం మాత్రమే కాదని ముందే తేల్చేస్తుంది. ఆకలేస్తే తినాలి, కడుపు నిండకముందే ఆపాలి. సరిగా ఉడకనిది, మసాలాలు ముంచెత్తినది, పాడైనది వద్దు. అరచేతులతో ఒళ్లంతా రుద్ది వెచ్చబరచాలి. ఎక్కువసేపు కూర్చోవడం, ఎక్కువసేపు నిలబడటం, ఎక్కువసేపు ఒళ్లు వంచి శ్రమించడం మూడూ మానాలి. ధ్యానం నేర్పే గ్రంథమే ఎక్కువసేపు కూర్చోవద్దంటోంది. గంటల లెక్కన కూర్చుని మోకాళ్లు పాడుచేసుకునేవాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

ఎంతసేపన్న కొలత ఈ రెండు గ్రంథాలూ ఇవ్వలేదు. ఇచ్చిన కొలత వేరు. జువోవాంగ్‌లున్ చివరి అనుబంధంలో మనసు అయిదు దశలు చెబుతుంది: కదలిక ఎక్కువ, నిలకడ తక్కువ; రెండూ సగం సగం; నిలకడ ఎక్కువ, కదలిక తక్కువ; పనేమీ లేనప్పుడు నిలకడ, ఏదైనా తగిలితే మళ్లీ కదలిక; తగిలినా కదలకపోవడం. నాలుగో దశలో ఆగిపోయినవాళ్లే ఎక్కువ. గదిలో ఉన్నంతసేపూ ప్రశాంతంగానే ఉంటారు, తలుపు తీసి ఎవరో ఒక మాట అనగానే అంతా పోతుంది. అయిదో మెట్టు పనికొచ్చేది ఇక్కడే. ఎదుటివాడి చెడును చూసి మనం మండిపడటమంటే, తన గొంతు తానే కోసుకుంటున్నవాడిని చూసి, ఆ కత్తికే మన మెడ అందించడమే అంటాడు సిమా. పేదరికం మీద కోపం వచ్చినప్పుడు ఎవరిచ్చారు దీన్ని అని అడిగి చూడమంటాడు, జబ్బు చేస్తే ఒళ్లుంది కాబట్టే జబ్బుంది అని చూడమంటాడు. ఇవి కళ్లు మూసుకుని చేసేవి కావు, ఆ సంఘటన జరుగుతున్నప్పుడే చేసేవి.

ఆరో మెట్టులో నిలకడ నుంచి తెలివి పుడుతుంది. తెలివి రావడం కష్టం కాదు, వచ్చాక వాడకుండా ఉండటం కష్టమంటాడు. ఒంటిని మరచిన వాళ్లు పూర్వం నుంచీ చాలామందే ఉన్నారు, పేరును మరచినవాళ్లు తక్కువ. ఏడో మెట్టు శరీరం కూడా తావోతో ఒకటై చావును దాటుతుందని చెబుతుంది. అది షాంగ్‌చింగ్ వాళ్ల నమ్మకం, దాన్ని మెత్తబరచి మానసిక ఆరోగ్యం అని అనువదించడం వాళ్లకు అన్యాయం. అయితే అదే మెట్టులో, తావో మనసు వరకే చేరి ఒంటిని తాకని వాళ్లకు ఏమవుతుందో కూడా ఉంది. తెలివి మనసు చేసే పని, వాడినకొద్దీ మనసు అలుస్తుంది. కొద్దిపాటి తెలివి చిక్కగానే సంబరపడి తెగ మాట్లాడేవాళ్లు ప్రాణశక్తి కారిపోయి తొందరగా చనిపోతారట. ఉపన్యాసాలిచ్చే గురువుల గురించి ఒక గురువే ఇలా రాసిపెట్టడం అరుదు.